బస్టాండు వైఫై, లైబ్రరీ వైఫై: నా అనుభవం

మా మండల కేంద్రంలో బస్టాండు ఎదురుగా జిరాక్స్ షాపు మీద వైఫై పంచే పెట్టె, అంటే యాక్సెస్ పాయింటు ఒకటి ఉంది. రోడ్డుకు అవతల శాఖా గ్రంథాలయం గోడకు ఇంకొకటి ఉంది. రెండూ ఒకే మోడల్, రెండూ కేంద్ర ప్రభుత్వ పబ్లిక్ వైఫై పథకం పీఎం-వాణి కిందే నడుస్తాయి. షాపులో రోజుకు పది రూపాయల కూపన్. లైబ్రరీలో జనానికి ఉచితం, బిల్లు పంచాయతీది. రెండూ బిగించింది నేనే, ఆగిపోతే నిచ్చెన వేసుకుని ఎక్కేదీ నేనే. ప్రభుత్వం డబ్బుతో ఉచిత వైఫై ఇవ్వాలా అక్కర్లేదా అని వాదించుకునేవాళ్ళు డేటా ధర దగ్గరే ఆగిపోతారు. పెట్టెలు రెండూ పక్కపక్కన నడుస్తుంటే అసలు తేడా వేరే చోట కనిపించింది.

ముందు కాగితాల సంగతి. అది చిన్నదే. 2020 డిసెంబరు 9న కేంద్ర క్యాబినెట్ పీఎం-వాణికి ఆమోదం ఇచ్చింది. ఇందులో వైఫై పంచే షాపును పీడీఓ అంటారు, పబ్లిక్ డేటా ఆఫీస్ అని. పాతకాలం పీసీఓ బూత్ లాంటిదే అనుకోండి. పీడీఓకి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఫీజూ లేదు. టెలికాం శాఖ దగ్గర నమోదు కావాల్సింది పైనుండే అగ్రిగేటర్. లాగిన్, లెక్కలు, ఎవరు ఎప్పుడు వాడారన్న రికార్డులు అన్నీ వాళ్ళు చూస్తారు. ఫోన్లో వేసుకునే యాప్ ఇచ్చేవాళ్ళు మూడోవాళ్ళు. వీళ్ళందరి వివరాలూ ప్రభుత్వ టెలికాం సంస్థ సీ-డాట్ నడిపే సెంట్రల్ రిజిస్ట్రీలో ఉంటాయి. మా షాపు నుంచి అడిగింది పాన్, బ్యాంకు ఖాతా, కరెంటు బిల్లు, మ్యాపులో లొకేషన్, అంతే. అయితే సంతకం పెట్టేముందు రెండు సంగతులు తేల్చుకోండి. వాళ్ళిచ్చే పెట్టెలో సాఫ్ట్‌వేర్ వాళ్ళకే తాళం వేసి ఉందా? ఉంటే, రేపు అగ్రిగేటర్‌ని మార్చినప్పుడు పెట్టె పాత సామాను కొట్టుకే. రెండోది, వేరేవాళ్ళు బిల్లు కట్టి జనానికి ఉచితంగా ఇచ్చే స్పాన్సర్డ్ ప్లాను వాళ్ళ డాష్‌బోర్డులో ఉందా? అది లేకపోతే లైబ్రరీ లాంటి చోటుకి పనికిరాదు.

అసలు చిక్కు లైను దగ్గర. ఇంటి ప్లాను తీసుకుని పదిమందికి అమ్మితే, ఇంటర్నెట్ లైనిచ్చే కంపెనీ (ఐఎస్‌పీ) షరతులు ఒప్పుకోవు. అడిగితే కంపెనీలకిచ్చే ప్రత్యేక లీజు లైను చూపిస్తారు, ఆ ధర చిన్న షాపు తట్టుకోలేదు. 2024 సెప్టెంబరులో టెలికాం శాఖ మార్గదర్శకాలు సవరించి, ఐఎస్‌పీతో పీడీఓకి ప్రత్యేక వాణిజ్య ఒప్పందం ఉండాలన్న షరతు తీసేసింది. 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ధరకీ పరిమితి పెట్టింది. 200 ఎంబీపీఎస్ వరకు ఇళ్ళకిచ్చే ఫైబర్ ప్లానునే పీడీఓకి ఇవ్వాలి, అదే వేగానికి ఇంటి ధర ఎంతో దానికి రెండింతలు మించకూడదు. ఇంట్లో 100 ఎంబీపీఎస్ నెలకు 800 అయితే మనకి 1,600 లోపు, దానిపైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 1,888. కౌంటర్లో కూర్చున్న కుర్రాడికి ఈ ఉత్తర్వు తెలియకపోవచ్చు. ప్రింటు తీసి చేతిలో పెడితే పని త్వరగా అవుతుంది. మాకు రెండుసార్లు తిరిగాక అయింది.

సామానుకి ఒక్కో చోట 18 వేలయింది. బయట తగిలించే డ్యూయల్ బ్యాండ్ యాక్సెస్ పాయింటు 8,000, రూటరు 3,500, చిన్న యూపీఎస్ 2,500, ఎర్తింగ్ రాడ్డు, సర్జ్ ప్రొటెక్టరు కలిపి 1,500, ఎండకి తట్టుకునే క్యాట్-6 కేబులు 40 మీటర్లు 1,400, పైపులు, క్లాంపులు 1,100. రూటరు ఎందుకు, ఫైబర్ వాడిచ్చిన పెట్టె (ఓఎన్‌టీ) చాలదా అని చాలామంది అడుగుతారు. ఇంట్లో ఆరు ఫోన్లకి చేసిన పెట్టె అది. అరవై ఫోన్లు ఒకేసారి వీడియోలు తెరిస్తే కనెక్షన్ల పట్టిక నిండిపోయి చతికిలబడుతుంది. దాన్ని లైను అందించడం తప్ప ఇంకేమీ చేయని బ్రిడ్జి మోడ్‌లో పెట్టి పని రూటరుకి అప్పగించాలి.

పెట్టెని మూడున్నర, నాలుగు మీటర్ల ఎత్తున బిగించాలి. అంతకన్నా పైన కడితే కింద నిలబడ్డవాళ్ళ నెత్తి మీదుగా సిగ్నల్ అవతల వీధికి పోతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానళ్ళలో ఒకటి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 40 పెడితే వేగం పెరుగుతుందనుకుంటారు, బస్టాండులో పక్క షాపుల రూటర్లతో కొట్టుకుని తగ్గుతుంది. 5 గిగాహెర్ట్జ్ బ్యాండుని 2018లో బయటి వాడకానికీ లైసెన్సు లేకుండా తెరిచారు కాబట్టి దాన్ని తప్పకుండా ఆన్ చేయండి. ఇంకో చిన్న పని, 1, 2, 5.5, 11 ఎంబీపీఎస్ పాత రేట్లని ఆపేసి కనీస రేటు 12 చేయండి. దూరంగా టీ బండి దగ్గర ఒక ఫోను ఒక గీత సిగ్నల్‌తో నత్తలా లాగుతుంటే, దాని వంతు అయ్యేదాకా దగ్గరున్నవాళ్ళంతా ఆగాలి. ఆ ఒక్క ఫోనుని వదిలేస్తే మిగతా ముప్పైమందికి హాయి. క్లయింట్ ఐసొలేషన్ కూడా ఆన్ చేయాలి, లేకపోతే పాస్‌వర్డు లేని నెట్‌వర్కులో ఒకరి ఫోను ఇంకొకరికి కనిపిస్తుంది.

ఇంత చేశాక కూడా మొదటి వారం రోజూ పది దాటితే షాపు వైఫై ఎవరికీ కలిసేది కాదు. సిగ్నల్ నిండుగా ఉంటుంది, ‘ఐపీ అడ్రస్ తీసుకుంటోంది’ దగ్గర గిరగిరా తిరుగుతుంది. రూటరు ఆపి మళ్ళీ వేస్తే గంటన్నర బాగుంటుంది, మళ్ళీ మామూలే. లైను వాడిని తిట్టుకున్నాం, అనవసరంగా. రూటరు ఒక్కో ఫోనుకి ఒక అడ్రసు ఇచ్చే పట్టిక (డీహెచ్‌సీపీ) తెరిచి చూస్తే, రూటరుది పోను మిగిలిన 253 అడ్రసులూ అయిపోయాయి. ఆ సమయంలో లాగిన్ అయినవాళ్ళు పదకొండుమంది! జరిగిందేమిటంటే, ఒకసారి కలిసిన ఫోను మళ్ళీ ఆ దారిన పోతే జేబులోంచే తనంతట తాను అతుక్కుంటుంది. బస్సు ఆగిన రెండు నిమిషాల్లో నలభై ఫోన్లు అడ్రసులు పట్టుకుని బస్సుతోపాటు వెళ్ళిపోతాయి. రూటరు మాత్రం వాటికోసం 24 గంటలు ఆ కుర్చీలు ఖాళీగా అట్టిపెడుతుంది. అడ్రసు అట్టిపెట్టే సమయం (లీజు) 30 నిమిషాలు చేసి, నెట్‌వర్కుని /24 నుంచి /22కి పెంచితే అడ్రసులు 254 నుంచి 1,022 అయ్యాయి. ఆ తర్వాత ఆ ఫిర్యాదు లేదు. లైబ్రరీలో /24 అయినా ఇబ్బంది రాలేదు, అక్కడ జనం కూర్చుంటారు కదా.

తర్వాతి తలనొప్పి లాగిన్. యాప్ దించుకోవడానికి నెట్ కావాలి, నెట్ కోసమేగా మన దగ్గరికొచ్చింది! అందుకని యాప్ స్టోరుని లాగిన్ కాకముందే తెరుచుకునే జాబితాలో పెట్టించాలి. బ్రౌజరు పేజీ దారి కూడా ఉంచాలి. యూపీఐ కష్టం ఇంకోటి. పది రూపాయలు కట్టడానికి యూపీఐ యాప్ తెరవాలి, దానికి నెట్ ఉండాలి. పేమెంట్ గేట్‌వే ఒక్కదాన్నే అనుమతిస్తే చాలదు, బ్యాంకు యాప్ ఎవరెవరితో మాట్లాడుతుందో ఆ సర్వర్లన్నీ తెరిచి ఉండాలి, అవి మారుతూ ఉంటాయి. మొబైల్ డేటా ఉన్నవాడికి ఇది తెలియను కూడా తెలియదు. డేటా అయిపోయినవాడే ఇరుక్కుంటాడు. చివరికి జిరాక్స్ కౌంటర్లో చిల్లర తీసుకుని కాగితం కూపన్ ఇవ్వడం మొదలుపెట్టాం. సగం అమ్మకం అలాగే. ఓటీపీ వేరే కథ. రీఛార్జి అయిపోయి చాలా రోజులైతే ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది, ఓటీపీ రాదు. సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చినవాళ్ళ అక్కడి నంబరుకీ రాదు. వాళ్ళకీ కాగితం కూపనే. అయితే ఎవరికిచ్చామో కౌంటర్లో గుర్తింపు కార్డు చూసి రాసుకోవాలి. రేపు పోలీసులు అడిగితే ఫలానా సమయంలో ఆ ఐపీ అడ్రసు ఎవరి ఫోనుకుందో చెప్పగలగాలి.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నాకొచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం డబ్బు వసూలు చేసే దగ్గరివే. లైబ్రరీలో నంబరు కొడితే ఓటీపీ, ఓటీపీ కొడితే గంట సేపు, మనిషికి 3 ఎంబీపీఎస్. అక్కడ చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు.

చెడిపోతే మాత్రం? షాపు లైను పోతే పది నిమిషాల్లో నాకు ఫోనొస్తుంది, కూపన్ కొన్నవాడు కౌంటర్ ముందే నిలబడి ఉంటాడు మరి. లైబ్రరీది ఒకసారి శుక్రవారం ఆగి మంగళవారం దాకా ఎవరూ చెప్పలేదు. పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లలు ‘ఉచితం కదా, ఇంతేలే’ అనుకుని తలా ఒక యాడ్-ఆన్ ప్యాకు వేయించుకున్నారు. పోయింది ఓఎన్‌టీ అడాప్టరు, దాని ఖరీదు 250 రూపాయలు. ఉచిత వైఫై బోర్డులుండి సిగ్నల్ లేని చోట్లు దేశమంతా కనిపించేది ఇందుకేనని నా లెక్క.

లెక్క అంటే అంకెలే చెప్తాను. లైబ్రరీకి పెట్టుబడి 18 వేలు, ఒకేసారి. నడపడానికి లైను 12 నెలలకి 22,656. యాక్సెస్ పాయింటు, రూటరు, ఓఎన్‌టీ మూడూ కలిపి 33 వాట్లు, నెలకి 24 యూనిట్లు, యూనిట్ పది చొప్పున ఏడాదికి 2,880. నెలకొకసారి నేను చూసిపోవడానికి 6,000. అడాప్టర్లు, బ్యాటరీ కోసం 2,500. మొత్తం 34 వేలు, ఏటా. అంటే పెట్టినదానికి దాదాపు రెండింతలు ప్రతి సంవత్సరం. ప్రారంభోత్సవం నాడు రిబ్బను కట్టేది ఆ 18 వేలకే. ఐరోపా సంఘం వైఫై4ఈయూ పథకం కూడా ఊరికి 15,000 యూరోల వోచరు సామానుకీ బిగింపుకీ ఇచ్చి, లైను బిల్లు, నిర్వహణ కనీసం మూడేళ్ళు మునిసిపాలిటీయే చూసుకోవాలంది. అది నాకు నచ్చింది, ఆ మాట ముందే కాగితం మీద ఉంది కాబట్టి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో నగరం పైసా పెట్టక్కర్లేదని ఊరంతా వైఫై పనిని ఎర్త్‌లింక్ అనే ఇంటర్నెట్ కంపెనీకి అప్పజెప్పారు. చందాదారులు అనుకున్నంత రాక, ఇటుక గోడల్లోంచి సిగ్నల్ లోపలికి పోక, 2008లో కంపెనీ తప్పుకుంది.

షాపు లెక్క వేరు. లైను 1,888, కరెంటు 240. పది రూపాయల కూపన్‌లో మా ఒప్పందం ప్రకారం ఏడు షాపుకి వస్తాయి. నెలకి 304 కూపన్లు అమ్మితే ఖర్చు తేలుతుంది, రోజుకి పది. మా బస్టాండులో పండగలకి దాటుతుంది, జూన్‌లో దాటదు.

‘జియో వచ్చాక ఇంకా వైఫై ఎవడిక్కావాలి’ అనేవాళ్ళ మాటలోనూ కొంత నిజముంది. 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌తో మొదలెట్టి, రైల్వే వాళ్ళ టెలికాం సంస్థ రైల్‌టెల్‌తో కలిసి 400 పైగా స్టేషన్లకి వైఫై ఇచ్చిన గూగుల్, డేటా చవకైందని చెప్పి 2020లో తప్పుకుంది. మన కాచిగూడ, విజయవాడ, విశాఖ స్టేషన్లు 2016 ఏప్రిల్ జాబితాలోవే. రైల్‌టెల్ మాత్రం ఆపలేదు. 2021లో మొదటి అరగంట ఉచితం, ఆపైన పది రూపాయల నుంచి ప్లాన్లు అని మార్చింది. బస్టాండుకి ఆ పద్ధతే సరి. ఫోనులో డేటా ఉన్నవాడికి పన్ను డబ్బుతో రీల్స్ చూపించక్కర్లేదు. లైబ్రరీ అలా కాదు. అక్కడ ఒక్కొక్కరూ మూడు, నాలుగు గంటలు ఆన్‌లైన్ క్లాసులు వింటారు, రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు మధ్యాహ్నానికే అయిపోతుంది. పైగా ఇంటి పన్నుతోపాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్న ఊరు.

కరెంటు, కోతుల సంగతి మర్చిపోయాను. 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ 33 వాట్లకి గంటన్నర వస్తే గొప్ప. షాపుకి ఇన్వర్టరు ఉంటే దాని మీదకే వేయండి. కేబులు బయట కనిపించే ప్రతి అడుగూ జీఐ పైపులో ఉండాలి, ఊగుతున్న తీగ కనిపిస్తే కోతికి ఉయ్యాలే. ఫ్లెక్సీ బట్ట సిగ్నల్‌ని ఆపదు కానీ, దాని ఇనుప ఫ్రేము యాంటెన్నాకి అడ్డంగా కడితే ఆపుతుంది. నాయకుల పుట్టినరోజు వారంలో ఒకసారి వెళ్ళి చూసుకోండి.

లైబ్రరీకి ఈ ఏడాది పంచాయతీ తీర్మానంలో నేను అడిగి రెండు వాక్యాలు రాయించాను. ఆగిన రోజుకి 50 రూపాయల చొప్పున నా బిల్లులో కోత. రూటరు పదిహేను నిమిషాలు జవాబివ్వకపోతే లైబ్రేరియన్ గారికీ, పంచాయతీ కార్యదర్శి గారికీ, నాకూ ఒకేసారి టెలిగ్రామ్‌లో మెసేజు. ఇప్పటిదాకా కోసింది 150. అందులో రెండు రోజులు ఫైబరు తెగినవి, నా తప్పు కాదని వాదించాను, కార్యదర్శి గారు వినలేదు.