కృష్ణలో మా గుర్రం

ఈ వేసవంతా మా మార్వారీ జాతి గుర్రాన్ని పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ దగ్గర సీతానగరం ఒడ్డున కృష్ణలో నడిపిస్తున్నాం. ముందుకాలి నరం వాచి తగ్గింది కదా, గట్టి నేల మీద పరుగంటే నాకు టెన్షన్. నీళ్లు తుంటి దాకా ఉంటే కాళ్ల మీద పడే బరువు దాదాపు 75 శాతం తగ్గుతుంది. నీటిని తోసుకుంటూ నడవాలి కాబట్టి కండరాలకు మాత్రం గట్టి పనే. దాని భుజాలు చూస్తుంటే నాకెంత ఆనందమో!

ఈతకు మాత్రం తొందరపడటం లేదు. గుర్రం ముక్కుతోనే ఊపిరి తీస్తుంది, నోటితో తీయలేదు. ఛాతీ చుట్టూ నీటి ఒత్తిడి, గుండె మీద భారం. పైగా తల ఎత్తి, నడుము కిందికి వంచి ఈదుతుంది, వీపు నొప్పి ఉన్నవాటికి అది మంచిది కాదు.

పోటీలకు తయారయ్యే గుర్రానికి నీళ్లొక్కటే చాలవని మా మావయ్యతో రోజూ వాదిస్తున్నా. ఎముక గట్టిపడాలంటే ఒంటి బరువంతా పడేలా డెక్క నేలను తాకాలి. అందుకే మెల్లగా మట్టి ట్రాక్ మీద నడక కూడా మొదలుపెట్టాం.

మీరూ దింపాలనుకుంటే ముందు పశువైద్యుణ్ణి అడగండి. మానని పుండు ఉంటే వద్దు. బ్యారేజీ గేట్లు ఎత్తే రోజుల్లో అసలే వద్దు.