బఫెలో మంచు తుఫానులో మా క్రిస్మస్ సెలవులు

2022 డిసెంబరు 22, గురువారం సాయంత్రం మేం బఫెలో చేరేసరికి వాన పడుతోంది. మంచు కాదు, వానే. న్యూజెర్సీ నుంచి దాదాపు ఏడు గంటల డ్రైవు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారికీ మామయ్యగారికీ యూనివర్సిటీలో చదువుతున్న కొడుకును చూపించాలి, ఎలాగూ అంతదూరం వెళ్తున్నాం కాబట్టి నయాగరా కూడా చూపించాలి. బావమరిది ఉండేది నలుగురు కుర్రాళ్లున్న అపార్ట్‌మెంట్. అందుకని పక్కనే అమ్హర్స్ట్‌లో ఒక హోటల్ తీసుకున్నాం. ఆ రాత్రి వాడూ మా దగ్గరికే వచ్చేశాడు.

తుఫాను వస్తుందని ఊరందరికీ తెలుసు. వాతావరణ శాఖ రోజుల ముందునుంచే మొత్తుకుంటోంది, తరానికోసారి వచ్చే తుఫాను అని. న్యూయార్క్ రాష్ట్ర గవర్నర్ కాథీ హోకుల్ శుక్రవారం ఉదయం 6 గంటల నుంచి రాష్ట్రమంతటా అత్యవసర పరిస్థితి అమల్లోకి వస్తుందని చెప్పారు. ఆవిడదీ బఫెలోనే. టీవీలో ఆ హెచ్చరికలు చూస్తూనే జనం మర్నాడు డ్యూటీకి వెళ్లడానికి అలారం పెట్టుకున్నారు. ఎందుకంటే రోడ్ల మీద తిరగొద్దన్న నిషేధం అప్పటికింకా రాలేదు.

అది శుక్రవారం ఉదయం 9.30కి వచ్చింది. ప్రకటనకీ అమలుకీ మధ్య గంట కూడా లేదు. అప్పటికే ఉదయం షిఫ్టువాళ్లంతా పనుల్లో ఉన్నారు.

మా హోటల్ రిసెప్షన్‌లో ఉన్నావిడ కూడా వాళ్లలో ఒకరు. యాభై దాటి ఉంటాయి. 7 గంటలకి డ్యూటీ ఎక్కింది, మధ్యాహ్నం 3కి దిగిపోవాలి. 10 గంటలకల్లా కిటికీలోంచి పార్కింగ్ కనపడటం మానేసింది. పొద్దున వాన నీళ్లున్న చోటే మధ్యాహ్నానికి గాజులా గడ్డకట్టింది. మూడింటికి రావాల్సిన మనిషి రాలేదు. రాలేడు కూడా. ఇంత ముందే తెలిసి ఎందుకొచ్చావని మా ఆవిడ అడిగితే ఆవిడ మామూలుగానే చెప్పింది: "నా అంతట నేను రానంటే ఆ రోజు జీతం పోతుంది. రోడ్లు మూసేశారంటే ఎవరూ ఏమీ అనరు కదా."

నిషేధమంటే జనాన్ని కట్టడి చేయడానికేనని అంతవరకూ అనుకునేవాణ్ణి. గంటల లెక్కన బతికేవాళ్లకి అది ఇంట్లో ఉండటానికి సర్కారు రాసిచ్చే సెలవు చీటీ. ముందురోజు రాత్రే ఇచ్చి ఉండాల్సింది. ఈ మాట నేనొక్కణ్ణే అనడం లేదు, ఆ తర్వాత బఫెలోలో నెలల తరబడి జరిగిన గొడవంతా దీని గురించే.

ఆ మంచు ఎలాంటిదో చెప్పాలి. మనం ఫొటోల్లో చూసే దూదిలాంటి మంచు కాదు. ఈరీ సరస్సు ఇంకా గడ్డకట్టలేదు. గాలి నైరుతి నుంచి, సరస్సు పొడవునా వీస్తోంది. గోరువెచ్చటి నీటి మీదుగా వచ్చే చలిగాలి దారంతా తేమ తాగి, ఆ చివరనున్న బఫెలో మీద కుమ్మరించేస్తుంది. గాలి గంటకి 70 మైళ్లు దాటింది. ఆ విసురుకి మంచు పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. హోటల్ ముందున్న ఆటోమేటిక్ తలుపు ఆ మంచు ధూళికే మనిషొచ్చాడనుకుని తెరుచుకుంటోంది, తెరుచుకున్న ప్రతిసారీ లాబీలోకి చేటెడు మంచు. చివరికి రిసెప్షన్ ఆవిడే స్టూలెక్కి సెన్సర్ తీసేసింది. తలుపు సందుల్లో నేనూ బావమరిదీ తువ్వాళ్లు కుక్కాం. అరగంటలో తువ్వాళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి.

బఫెలో విమానాశ్రయం దగ్గర ఈ బ్లిజార్డ్ 37 గంటలు సాగింది. గంటకి 35 మైళ్ల గాలి, పావు మైలు దాటి చూపు ఆనకపోవడం, ఇవి వరసగా 3 గంటలుంటేనే బ్లిజార్డ్ అంటారు. అలాంటిది 37 గంటలు!

శనివారం అసలు సంగతి బయటపడింది. కౌంటీ (మన జిల్లా లాంటిది) పాలనాధిపతి మార్క్ పొలన్‌కార్జ్ టీవీలో దాపరికం లేకుండా చెప్పారు, కొన్ని ప్రాంతాల్లో అత్యవసర సేవలు అసలు లేవని. నగరంలో ఫైరింజన్లు దాదాపు అన్నీ మంచులో ఇరుక్కుపోయాయి. అంబులెన్సులు, పోలీసు బళ్లు, ఆఖరికి మంచు తోసే ప్లౌ ట్రక్కులదీ అదే గతి. ముందు రక్షించడానికి వెళ్లినవాళ్లని రక్షించాల్సి వచ్చింది. అత్యవసర నంబరు 911కి చేస్తే ఫోన్ ఎత్తుతారు, కానీ రావడానికి బండి లేదు.

"అమెరికాలో కూడా 108 రాదా అల్లుడుగారూ?" అన్నారు మామయ్యగారు. అందులో ఎగతాళి లేదు, ఆయన నిజంగానే బెంబేలెత్తారు. ఆయనకి బీపీ. రెండు నెలల మాత్రలు అత్తయ్యగారి హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

మాకు కరెంటు పోలేదు. మినుకు మినుకుమని మళ్లీ నిలబడింది. వెనక వీధిలో పోయింది. ఆ మధ్యాహ్నం అక్కడినుంచి ఒక కుటుంబం, ఒకరి కోటు ఒకరు పట్టుకుని, నడిచి వచ్చింది. గట్టిగా రెండొందల గజాల దూరం. పెద్దాయన కనుబొమ్మల మీద మంచు పేరుకుంది, చిన్నపిల్ల చేతులు వంకర్లుపోయి గ్లవ్స్ ఊడదీయడానికి రాలేదు. అత్తయ్యగారు ఆ చేతుల్ని తన చంకల్లో పెట్టుకుని కూర్చున్నారు. రుద్దకూడదని, వేడినీళ్లు పోయకూడదని రిసెప్షన్ ఆవిడ ముందే హెచ్చరించింది. గదులు ఖాళీ లేవు, లాబీలోనే పడుకున్నారు. తిండికి హోటల్ బ్రేక్‌ఫాస్టు సరుకే గతి: వాఫుల్ పిండి, ఓట్స్ ప్యాకెట్లు. పూటపూటా వాఫుల్స్ తిని మామయ్యగారికి వాటి పేరు చెబితేనే విసుగొచ్చింది.

రేడియోలో పదేపదే చెప్పిన మాట ఒకటి ఇక్కడ రాయాలి. కారులో చిక్కుకుంటే ఇంజన్ ఆన్ చేసుకుని హీటర్ వేసుకుంటాం కదా, పొగగొట్టం మంచుతో మూసుకుపోతే ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికొచ్చి ప్రాణం తీస్తుంది. దానికి వాసన ఉండదు, తెలియదు. ఇళ్లకీ అంతే, గోడ బయటికుండే ఫర్నేస్ గొట్టం దగ్గర మంచు తీసేస్తూ ఉండాలి. ఆ తుఫానులో బఫెలో ప్రాంతంలో చనిపోయినవాళ్లు 47 మంది. కొందరు కార్లలో, కొందరు వీధుల్లో, కొందరు వేడిలేని ఇళ్లలో. వాళ్లలో పని నుంచి ఇంటికి బయల్దేరి కారులోనే గంటల తరబడి చిక్కుకుపోయిన 22 ఏళ్ల అమ్మాయి ఉంది. బఫెలో నగరంలో చనిపోయినవారిలో సగానికి పైగా నల్లజాతివాళ్లు.

26న అధ్యక్షుడు బైడెన్ ఫెడరల్ ఎమర్జెన్సీ ప్రకటించారు. దీంతో ఢిల్లీ నుంచి హెలికాప్టర్లు దిగినట్టు ఏదో దిగుతుందని మావాళ్లు ఎదురుచూశారు. నిజానికి అది ముఖ్యంగా డబ్బుకీ సామగ్రికీ సంబంధించిన కాగితం. రక్షణ చర్యలకైన ఖర్చులో 75 శాతం ఫెమా (విపత్తులు చూసే కేంద్ర సంస్థ) ద్వారా కేంద్రం భరిస్తుంది. అప్పుల భయం లేకుండా పక్క ఊళ్లనుంచి యంత్రాలు పిలిపించుకోవచ్చు. మంచుకి ఇలాంటి ప్రకటన మొదటిసారి వచ్చింది కూడా బఫెలోకే, 1977 జనవరి తుఫానప్పుడు, కార్టర్ హయాంలో. అప్పుడు సరస్సు గడ్డకట్టేసి ఉంది. దాని మీద పేరుకున్న మంచునే గాలి ఎత్తుకొచ్చి ఊరి మీద పోసింది.

గాలి తగ్గాక పని చూడాలి. ప్లౌ ట్రక్కు మంచుని పక్కకి తోస్తుందంతే, నాలుగడుగుల పైన పడితే తోయడానికి పక్కన చోటేది? పైగా ఆ గుట్టల్లో వదిలేసిన కార్లు. ముందు కార్లు లాగాలి, తర్వాత లోడరుతో మంచు ఎత్తి టిప్పర్లలో పోసి ఊరి బయట పారబోయాలి. నేషనల్ గార్డు (రాష్ట్ర సైనిక దళం) వాళ్లు కరెంటు పోయిన ఇళ్లకి వెళ్లి తలుపులు కొట్టి చూశారు. జనం ఆగలేక కార్లు తీస్తుంటే 27న నగరంలోకి వెళ్లే దారుల్లో మిలిటరీ పోలీసుల్ని నిలబెట్టారు. నగరంలో నిషేధం ఎత్తేసరికి 29 వచ్చింది. మేమున్న శివారులో అంతకంటే ముందే వదిలారు.

నయాగరా చూశాం. దీపస్తంభాలూ రెయిలింగులూ మంచు తొడుక్కుని ఉన్నాయి, జలపాతం మటుకు గడ్డకట్టలేదు, హోరున పడుతూనే ఉంది. చలికి పావుగంట నిలబడలేకపోయాం.

గది ఖాళీ చేసేటప్పుడు రిసెప్షన్ ఆవిడ ఇంకా అక్కడే ఉంది. బదులు మనిషి దారిలో ఉన్నాడని ఫోనొచ్చిందట. డెస్కు వెనక సోఫాలో నిద్రపోయిన గంటలు డ్యూటీ కింద లెక్కేస్తారా అని మేనేజరుని అడిగిందట కూడా. కనుక్కుని చెబుతానన్నాడట.