అందరికీ పది గంటలే

అమ్మకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. మూడు నెలలకోసారి కర్నూల్లోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చూపిస్తాం. డాక్టరు గారు మంచి మనిషి. అవసరం లేని మందు రాయరు. చెప్పులు విప్పించి పాదాలు తిప్పి మరీ చూస్తారు, ఎక్కడైనా పుండు పడిందేమోనని. ఆయన కోసమే అక్కడికి పోతాం. నా కోపమంతా ఆ గది తలుపు బయట జరిగేదాని మీద.

ముందురోజు ఫోన్ చేస్తే పేరు రాసుకుంటారు. ఎన్నింటికి రావాలంటే "పదికల్లా వచ్చేయండి మేడం" అంటారు. ఆదోని నుంచి వచ్చిన పెద్దాయనకూ పదే చెప్పింటారు. గద్వాల నుంచి చంటిపిల్లతో వచ్చినామెకూ పదే. పదింటికి పోతే హాల్లో కుర్చీలు నిండిపోయి మెట్ల మీద కూడా జనం. డాక్టరు గారు వార్డులో రౌండ్స్ చూసుకుని కూర్చునేసరికి పదకొండు దాటుతుంది. అమ్మ పేరు పిలిచేసరికి భోజనాల వేళ కూడా దాటిపోతుంది. లోపల ఉండేది నాలుగైదు నిమిషాలు.

నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. క్యూలో మనిషి ఎంతసేపు నిలబడాల్సి వస్తుందన్నది మా సబ్జెక్టులో ఒక పాఠం. ఎర్లాంగ్ అనే డెన్మార్క్ ఆయన టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం 1909లో మొదలుపెట్టిన లెక్కలవి. ఏటా పిల్లలకు బోర్డు మీద చేసి చూపిస్తాను. అందుకే ఆ హాల్లో ఊరికే కూర్చోవడం నావల్ల కాదు, లెక్క వేసుకుంటూనే ఉంటాను.

40 మందిని పదింటికే రమ్మన్నారనుకోండి. ఒక్కొక్కరికి 4 నిమిషాలు. డాక్టరు సరిగ్గా పదికే కూర్చున్నా ఆఖరి మనిషి 156 నిమిషాలు కాచుకోవాలి. సగటున చూస్తే మనిషికి 78 నిమిషాలు. ఇక డాక్టరు ఒక గంట ఆలస్యంగా కూర్చుంటే ఆ గంట నలభై మందికీ తలా ఒకటి కలుస్తుంది. అంటే నలభై గంటల జనం కాలం ఆ హాల్లోనే పోయినట్టు. ఏ రిజిస్టరులోనూ ఇది రాయరు కాబట్టి ఎవరికీ నష్టంలా కనపడదు.

దీనికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. ఇంగ్లండులో నార్మన్ బెయిలీ అనే స్టాటిస్టిక్స్ పండితుడు ఆస్పత్రుల ఓపీ మీద 1952లోనే ఈ లెక్క చేసి పెట్టినాడు. మొదట ఇద్దరిని రమ్మనాలి. ఆ తర్వాత ఒక్కో రోగికి సగటున ఎంతసేపు పడుతుందో అంత ఎడం ఇచ్చి ఒక్కొక్కరిని రమ్మనాలి. ఒకరు రావడం ఆలస్యమైనా రెండో మనిషి ఉంటాడు కాబట్టి డాక్టరు ఖాళీగా కూర్చోవాల్సిన అవసరం పెద్దగా రాదు, రోగులు గంటల తరబడి పడిగాపులు కాయాల్సిన అవసరమూ రాదు. కంప్యూటరు కూడా అక్కర్లేదు. గోడ గడియారం, గీతలు కొట్టిన రిజిస్టరు చాలు.

ఇదంతా లెక్క. అక్కడ కూర్చుంటే నిజంగా కడుపు తరుక్కుపోయేది పరగడుపున వచ్చేవాళ్లను చూసి.

షుగరు పరీక్షకు కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉండి రక్తం ఇవ్వాలి. తర్వాత టిఫిను తిని, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు మళ్లీ ఇవ్వాలి. మాది ఊర్లోనే ఇల్లు కాబట్టి ఏడింటికే ల్యాబుకు పోయి రక్తం ఇచ్చి, వీధి చివర ఉగ్గాని తినిపించుకుని వస్తాను. ఆలూరు అవతలి పల్లె నుంచి వచ్చేవాళ్ల సంగతేంది? బస్సు దిగి వచ్చేసరికి తొమ్మిదిన్నర. ల్యాబు దగ్గర ఇంకో వరుస. రక్తం ఇచ్చినాక తినొచ్చని చెప్పే దిక్కుండదు. డాక్టరు చూసేదాకా పచ్చి గంగ ముట్టకూడదని చాలామంది నమ్మకం.

పోయినసారి అట్లాంటి పెద్దాయన ఒకాయన మా ముందు వరుసలో ఉన్నాడు. పన్నెండు దాటింది. చొక్కా వీపంతా తడిసి ఒంటికి అతుక్కుపోయింది, ఫ్యాను కిందే ఉన్నాడు. చేతిలో ఫైలు వణుకుతా ఉంది. ఆయన భార్య కొంగుతో ముఖం తుడుస్తా ఉంటే అడిగినాను, ఏమన్నా తిన్నాడా అని.

"యాడ తిన్న్యాడమ్మా, పరగడుపునే రమ్మన్న్యారు గదా. మాత్ర మాత్రం తెల్లారే మింగినాడు."

నాకు గుండె ఝల్లుమంది. షుగరు మాత్రలు కొన్ని భోజనంతో పాటు వేసుకోవాల్సినవి. అట్లాంటివి కొన్ని మింగి ఏమీ తినకపోతే షుగరు మరీ పడిపోవచ్చు. 70 కంటే తగ్గితే ప్రమాదం మొదలైనట్టే. చెమటలు, వణుకు, తల తిరగడం, ఆ తర్వాత స్పృహ తప్పడం. పరిగెత్తి కింద టీ బంకులో చక్కెర అడిగి నీళ్లలో కలిపి తాగించినాను. ఆ తర్వాతే నర్సు మిషను తెచ్చింది. తాగించినాక కూడా డెబ్బై దాటలేదు. కాసేపటికి ఆయన కళ్లు తేటపడినాయి. "ఆయమ్మ చూడకపోతే ఏం గతి" అని ఆయన భార్య అందరికీ చెప్తా ఉంటే నాకు సంతోషం కలగలేదు. షుగరు రోగులు రోజూ వచ్చే చోట, రక్తం ఇచ్చినాక తినండి అని గోడ మీద ఒక్క అట్టముక్క కట్టలేరా? మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షకు పరగడుపు అవసరమే లేదు, అదైనా చెప్పే మనిషి లేడు.

బీపీ కథ ఇంకొకటి. బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోవాలి, అరగంట ముందు నుంచి టీ, కాఫీ తాగకూడదు, మూత్రం ఆపుకుని ఉండకూడదు అని వైద్యులే చెబుతారు. అమ్మ బాత్రూముకు పోదు, ఆలోపు పేరు పిలిచేస్తారేమోనని. నీరసానికి టీ తాగుతుంది. పిలవగానే లేచి గబగబా నడుస్తుంది, పోగానే చేతికి పట్టీ చుడతారు. ఇంట్లో 130 ఉండే బీపీ అక్కడ 160 చూపిస్తుంది. ఒకసారి ఆ అంకె చూసి మాత్ర డోసు పెంచినారు. వారం తిరక్కముందే అమ్మ పొద్దున మంచం మీద నుంచి లేస్తూ కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. ఇంట్లో రోజూ చూసి రాసిన నోటుబుక్కు చూపిస్తే డాక్టరు గారు మళ్లీ తగ్గించినారు. అది చూసినప్పటి నుంచి, వెయిటింగ్ అనేది వైద్యానికి ముందు జరిగే వేరే తంతు అని నేను ఒప్పుకోను. అది కూడా వైద్యంలో భాగమే.

బస్సుల సంగతి చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. దేవనకొండ దిక్కు పల్లె నుంచి వచ్చినామె సాయంత్రమయ్యే కొద్దీ కిటికీ దగ్గరికి పోయి ఎండ చూసి వస్తా ఉంది. "ఆ బస్సు దాటిపోతే ఇంగ తెల్లార్లూ బస్టాండులోనే పండుకోవాల" అంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేదు, అది పెద్ద మేలే. కానీ ఆ రోజు పోయిన కూలి, తోడుగా వచ్చిన కొడుకు కూలి ఎవరిస్తారు? ఇట్లాంటివాళ్ల కళ్ల ముందే బ్యాగులు వేసుకున్న మెడికల్ రెప్పులు, అంటే మందుల కంపెనీల మనుషులు, నలుగురైదుగురు లోపలికి పోతారు. తెలిసినవాళ్లు పక్క తలుపు నుంచి పోతారు. ఎమర్జెన్సీ వస్తే ఎవరూ ఒక్క మాట అనరు, నేను చూసినాను, జనమే లేచి స్ట్రెచరుకు దారి ఇస్తారు. పక్క తలుపును చూసినప్పుడే వాళ్ల ముఖాలు మారిపోతాయి.

డాక్టర్ల వైపు కూడా చూడాలి. పెద్ద డాక్టరు కావాలంటే మా జిల్లా వాళ్లే కాదు, గద్వాల, రాయచూరు వైపు వాళ్లు కూడా కర్నూలుకే వస్తారు. బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో 2017లో 67 దేశాల లెక్కలు వచ్చినాయి. ప్రాథమిక వైద్యంలో డాక్టరు ఒక రోగితో గడిపేది స్వీడన్‌లో 22 నిమిషాల పైన, మన దేశంలో సుమారు 2 నిమిషాలు. మా డాక్టరు గారు అంతకు రెండింతలు ఇస్తున్నారు. ఆయన్ను ఇంకా తొందరగా చూడమని అడగడం అన్యాయం. నేనడిగేది ఆయన నిమిషాల గురించి కాదు, మా గంటల గురించి.

ప్రభుత్వం వైపు ఒక మంచి పని జరిగింది. కేంద్రం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 2022 అక్టోబరులో స్కాన్ అండ్ షేర్ అని మొదలుపెట్టినారు. ఓపీ కౌంటరు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ నంబరు ఫోనుకే వస్తుంది, చీటీ కోసం వరుసలో నిలబడాల్సిన పని తగ్గుతుంది. కానీ అది చీటీ వరుస. డాక్టరు గది ముందు వరుస అట్లాగే ఉంది. పైగా అమ్మ వయసు వాళ్ల చేతుల్లో ఉండేది బటన్ ఫోను. వాళ్లకు కావాల్సింది ఒక మనిషి నోటిమాట: "అవ్వా, నీ నంబరు పన్నెండున్నరకు వస్తాది, పోయి తిని రా."

ఈ మాటే రిసెప్షన్‌లో ఉన్న అబ్బాయికి చెప్పినాను. చిన్నవాడు, రోజంతా అందరి చేతా తిట్లు తింటాడు, పాపం. "టైం చెబితే ఆ టైముకు ఎవరూ రారు మేడం, సార్ ఖాళీగా కూర్చుంటే నన్నంటారు" అన్నాడు. వాడి భయం నిజమైనదే. అందుకే ఆదివారం కూర్చుని ఒక కాగితం మీద గీసినాను. ఊర్లో వాళ్లకు ముందు టైములు, దూరం నుంచి వచ్చేవాళ్లకు పదకొండు తర్వాత, సాయంత్రం బస్సుకు పోవాల్సినవాళ్లు రెండు లోపల. ప్రతి గంటకూ ఎమర్జెన్సీకని పది నిమిషాలు ఖాళీ. రెప్పులకు ఓపీ అయిపోయినాక. ఆ కాగితం వాడికిచ్చినాను. సార్‌కు చూపిస్తానన్నాడు. వచ్చే నెల అమ్మను తీసుకుపోయినప్పుడు ఇంకో కాపీ నేనే డాక్టరు గారి చేతికిస్తాను.

కర్నూల్లో ఆస్పత్రి నడిపేవాళ్లు ఎవరైనా ఇది చదివితే, మీ ఓపీ రిజిస్టరు ఒక వారంది చూపించండి. పేర్లు నాకొద్దు, ఎవరు ఎన్నింటికి లోపలికి పోయి ఎన్నింటికి బయటికొచ్చినారో చాలు. మీకు సరిపడే టైముల పట్టిక నేను వేసిస్తాను, రూపాయి తీసుకోను.