మాట కంటే ముందు మింగుడు

పక్షవాతం వచ్చిన మనిషిని చూడడానికి వచ్చే బంధువులు మొదట అడిగేది "మాట వచ్చిందా?" అనే. గుంటూరులో మా పెదనాన్నగారి విషయంలోనూ అందరి దిగులూ మాట గురించే. ఆయన మింగుతున్న తీరును పట్టించుకున్నది మాత్రం స్పీచ్ థెరపిస్టు. మాట నేర్పే ఆవిడకు తిండితో ఏం పని అని పెద్దమ్మ ఆశ్చర్యపోయింది గాని, మాటకూ మింగుడుకూ పనిచేసేవి చాలావరకు అవే పెదవులు, నాలుక, అంగిలి, స్వరపేటిక.

ముద్ద దిగే క్షణంలో స్వరపేటిక పైకి లేచి శ్వాసమార్గం మూసుకుంటుంది. పక్షవాతం వల్ల ఆ కదలిక ఆలస్యమైతే తాగిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియాకు దారితీయవచ్చు. పొలమారితే ఎవరో తలచుకుంటున్నారంటూ నడినెత్తిన తట్టడం మనకు అలవాటే. అయితే గొంతులో స్పర్శ మందగించిన కొందరికి అసలు దగ్గే రాదు కనుక, తిన్న తరువాత గొంతు తడితడిగా పలకడం, కారణం తెలియని జ్వరం పదేపదే రావడం వంటివి గమనించాలి. అనుమానం ఉంటే ఎక్స్‌రేలో కనిపించే బేరియం అనే పదార్థం కలిపిన ఆహారాన్ని మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీస్తారు, లేదా ముక్కులోంచి సన్నని కెమెరా పంపి చూస్తారు.

మన ఇళ్లలో మెత్తగా ఉంటుందని పెట్టే చారన్నం, మజ్జిగన్నం ఇలాంటివారికి చాలా సందర్భాల్లో కష్టమైనవి, ఎందుకంటే మెతుకులు నోట్లో ఉండగానే పలుచని నీరు ముందుగా జారిపోతుంది. చిక్కని రాగిజావ కొందరికి సులువుగా దిగుతుంది. అలాగని అన్నీ చిక్కబరచడం సరికాదు. అవి రుచించక తాగడం తగ్గించేస్తే ఒంట్లో నీరు తగ్గుతుంది. పొలమారకుండా గడ్డం కిందికి దించి మింగడం కూడా అందరికీ పనికిరాదు, థెరపిస్టు పరీక్షించి చెప్పాలి.

ఇక మాట సంగతి. మెదడు ఎడమభాగం దెబ్బతిని మాట పోయినవారిలో కొందరు అడిగినదానికి జవాబు చెప్పలేకపోయినా అంకెలు, వారాల పేర్లు వరుసగా చెప్పగలరు, పాట పాడగలరు. దీన్ని ఆధారం చేసుకొని రాగయుక్తంగా పలికించే పద్ధతిని బోస్టన్‌లో 1970లలో రూపొందించారు. ఇంట్లోవాళ్లు చేయవలసినది, అవును, కాదు అని చెప్పగలిగే చిన్న ప్రశ్నలు వేసి, మాట అందించకుండా కాసేపు ఆగడం. ఆరు నెలలు దాటితే ఇక మాట రాదన్న నమ్మకం సరికాదు, ఆ తరువాత కూడా మెరుగుదల సాధ్యమే.

విజయవాడలోగాని గుంటూరులోగాని థెరపిస్టును వెతికేటప్పుడు, భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉన్నదా అన్నదానితోపాటు, పెద్దల మింగుడు సమస్యలు కూడా చూస్తారా అని తప్పక అడగండి.