మామ్మ పద్దుల పుస్తకం, ఇసబెల్ అయెందే నవలలు

మా మామ్మ పద్దుల పుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉంది. ఎర్ర గుడ్డ అట్ట వేసిన, నిలువుగా పొడుగ్గా ఉండే లెక్కల పుస్తకం. కొబ్బరి దింపు జరిగిన ప్రతిసారీ తేదీ, కాయల లెక్క, దింపినవాళ్ళకూ ఒలిచినవాళ్ళకూ ఇచ్చిన కూలి అందులో రాసుకునేది. గోదావరి పాయ వైనతేయ గట్టు పక్కన ఉన్న మా పాత మండువా ఇల్లు విప్పదీసినప్పుడు అటక మీద ఒక రేకు డబ్బాలో దొరికింది. 1983 మార్చిలో రాసిన ఒక పద్దు ఇది: "దింపు 612 కాయలు. ఒలుపు కూలి ఇచ్చేశాను. రాత్రి ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నారు. కాయ చిన్నదైపోతోంది, చెట్లకు ఉప్పు వేయించమన్నారు."

ఆయన అంటే మా తాతయ్య. 1979లో పోయారు.

ఆ వాక్యం దగ్గర సిరా మారలేదు. అక్షరం వణకలేదు. పక్కన దండం గుర్తు లేదు, రామా అనీ లేదు. కాయల లెక్క ఏ చేతితో రాసిందో తాతయ్య రాకనూ అదే చేతితో రాసి, కింద మరుసటి దింపు తేదీ వేసుకుంది. ఇలాంటివి ఆ పుస్తకంలో ముప్పైకి పైగా ఉన్నాయి. 1986 ఆగస్టులో, భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిన ఆ వరదలో, ఇలా రాసింది: "నీళ్ళు నాలుగో మెట్టు మీదికి వచ్చాయి. ఐదో మెట్టు ఎక్కవని ఆయన చెప్పారు. ఎక్కలేదు."

ఈ పుస్తకాన్ని ఎలా చదవాలో నాకు నేర్పింది చిలీ రచయిత్రి ఇసబెల్ అయెందే. 2012 జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో ఆమె మొదటి నవల 'ద హౌస్ ఆఫ్ ద స్పిరిట్స్' కొన్నాను. స్పానిష్ నుంచి మాగ్దా బోగిన్ చేసిన ఇంగ్లీషు అనువాదం. అమలాపురం బస్సు ఎక్కగానే తెరిచాను. సముద్రం మీద నుంచి ఒక కుక్క ఆ ఇంటికి వస్తుంది. ఆకుపచ్చ జుట్టుతో పుట్టిన రోసా అనే అమ్మాయి ఉంటుంది. ఆమె చెల్లెలు క్లారా భోజనాల బల్ల మీది ఉప్పు గిన్నెను చేత్తో తాకకుండా జరుపుతుంది. అక్క చనిపోయాక తొమ్మిదేళ్ళు నోరు విప్పదు. విప్పినప్పుడు, తనకు త్వరలో పెళ్ళవుతుందని చెబుతుంది. తణుకు ఎప్పుడు దాటామో నాకు తెలియలేదు. ఇదంతా వింతగా కూడా అనిపించలేదు. మా మామ్మ మాట తీరులోనే ఎవరో నాకు చిలీ దేశం కథ చెబుతున్నట్టుంది.

నేను పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతాను. తేదీలంటే నాకు పట్టింపు. అందుకే ఈ నవల ఎలా పుట్టిందో వెతుక్కుని చదివాను. ఇసబెల్ 1942లో పెరూలోని లిమాలో పుట్టింది. తండ్రి అక్కడ చిలీ దౌత్య ఉద్యోగి. ఆయన కుటుంబాన్ని వదిలి వెళ్ళిపోవడంతో తల్లి పిల్లలను తీసుకుని శాంటియాగోలోని పుట్టింటికి చేరింది. అక్కడి అమ్మమ్మ బల్ల చుట్టూ మనుషులను కూర్చోబెట్టి ఆత్మలను పిలిచేది. తాత నిక్కచ్చి మనిషి. ఇసబెల్ పెరిగి పాత్రికేయురాలైంది. 1973లో చిలీ కవి పాబ్లో నెరూడాను ఇంటర్వ్యూ చేయబోతే ఆయన ఒప్పుకోలేదట. నువ్వు విలేకరిగా పనికిరావు, లేనివన్నీ కల్పిస్తావు, నవలలు రాసుకో అన్నారని ఆమే చెప్పుకుంది. అదే ఏడాది సెప్టెంబర్ 11న సైన్యం ప్రభుత్వాన్ని కూల్చింది. ఆ రోజు ప్రాణం పోగొట్టుకున్న అధ్యక్షుడు సాల్వదోర్ అయెందే ఆమె తండ్రికి దాయాది. పన్నెండు రోజులకు నెరూడా కూడా పోయారు. 1975లో ఆమె వెనెజువెలా వెళ్ళిపోయింది. పదమూడేళ్ళు అక్కడే ఉంది.

1981 జనవరి 8న, తాత చివరి రోజుల్లో ఉన్నారని కారకాస్‌లో ఆమెకు కబురు అందింది. వెళ్ళి చూసే వీలు లేదు. ఉత్తరం మొదలుపెట్టింది. ఆయన తనకు చెప్పిన సంగతులన్నీ తనకు గుర్తున్నాయని, ఏదీ పోలేదని ఆయనకు చెప్పాలనుకుంది. పగలు బడిలో ఉద్యోగం, రాత్రి వంటింట్లో టైపు మిషను. ఉత్తరం ఐదువందల పేజీలైంది, నవలైంది. 1982లో బార్సిలోనాలో అచ్చయింది. అప్పటి నుంచి ఆమె కొత్త పుస్తకాన్ని జనవరి 8నే మొదలుపెడుతుంది. మాకు సంక్రాంతి ముగ్గులు వేసే రోజుల్లో ఆమె తలుపు మూసుకుని మొదటి వాక్యం రాసుకుంటూ ఉంటుందని ఏటా తలుచుకుంటాను.

మొదటిసారి చదివినప్పుడు ఆ నవల చివరి భాగం నాకు నచ్చలేదు. అంతవరకూ ఇల్లంతా ఆత్మలు, ముందే తెలిసిపోయే చావులు. తరవాత ఎన్నికలు, కొరతలు, కుట్ర, ఆకాశంలో యుద్ధ విమానాలు. క్లారా మనవరాలు ఆల్బాను పట్టుకుపోయి హింసించే పుటల్లో ఒక్క అద్భుతం జరగదు. ఆకుపచ్చ జుట్టు ఆమెకూ ఉంది, అయినా ఆ జుట్టు ఎవరినీ ఆపలేదు. రచయిత్రికి ఊహ అయిపోయి వార్తలు రాసిందేమో అనుకుని పుస్తకం పక్కన పెట్టాను.

నేను తప్పు చదివానని పద్దుల పుస్తకం దొరికాకే తెలిసింది.

అంతకు ముందు ఒక మాట. మాయావాస్తవికత, అంటే అద్భుతాన్ని రోజువారీ సంగతిలా చెప్పే పద్ధతి, మనకు కొత్తేమిటి, మన కాశీమజిలీ కథల్లో లేనిదా అని మా బడిలో ఒక పెద్దాయన అంటుంటారు. నేను ఒప్పుకోను. కాశీమజిలీ కథల్లో రాజు ఏ సంవత్సరంలో ఏలాడో మనం అడగం, అడగనక్కర్లేదు. అయెందే కథలో అడిగి తీరాలి. క్లారా ఆత్మలతో మాట్లాడే ఇంట్లోనే భూస్వామికీ కూలీలకూ తగవు నడుస్తుంది, భూకంపం వస్తుంది, ఓట్లు పడతాయి. దేశం పేరు చిలీ అని ఎక్కడా రాయదు, అధ్యక్షుడి పేరు చెప్పదు, నెరూడాను 'కవి' అని మాత్రమే అంటుంది. అయినా ఏ ఏడాది ఏం జరిగిందో తెలిసినవాళ్ళు ప్రతి పేజీనీ గుర్తుపడతారు. దీనికి దగ్గరగా నాకు తెలిసింది మా డెల్టాలోనే ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్‌ను ఇక్కడివాళ్ళు భగీరథుడన్నారు, స్నాన సంకల్పంలో తలుచుకున్నారు. తేదీ ఉన్న మనిషి శ్లోకంలోకి వెళ్ళాడు, అయినా కాలువ లాకుల మీద లెక్క లెక్కగానే ఉంది. ఈ రెండూ ఒక్క చోట ఉండడం మా పిల్లలకు చెప్పడానికి నాకు ఒక పీరియడ్ సరిపోదు.

చరిత్ర మీద పట్టు అయెందేకు రానురాను పెరిగింది. చిలీలోని లోన్‌కెన్‌లో పాడుబడ్డ సున్నపు బట్టీల్లో 1978లో పదిహేనుమంది పల్లెవాళ్ళ శవాలు బయటపడ్డాయి. ఆ ఘటన నుంచే 1984 నాటి 'ఆఫ్ లవ్ అండ్ షాడోస్' వచ్చింది. 1999లో వచ్చిన 'డాటర్ ఆఫ్ ఫార్చూన్'లో వల్పరాయిసో అమ్మాయి ఓడలో దాక్కుని 1849 బంగారపు వేట నాటి కాలిఫోర్నియాకు చేరుతుంది. 'ఇనెస్ ఆఫ్ మై సోల్' నాకు చాలా ఇష్టం. ఇనెస్ సువారెజ్ కుట్టుపని చేసుకునే స్పెయిన్ ఆడమనిషి, 1541లో శాంటియాగో నగరం వెలిసినప్పుడు అక్కడ ఉంది. నవలలో ఆమెకు నీటి జాడ కనిపెట్టే విద్య ఉంటుంది. మన మెట్ట ఊళ్ళలో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బావి చోటు చూపేవాళ్ళు గుర్తొచ్చారు. ఆక్రమించిన వాళ్ళ వైపు నుంచే కథ నడుస్తుంది కాబట్టి కొన్ని చోట్ల ఇబ్బంది పడ్డాను, అయినా వదలలేకపోయాను. 2019 నాటి 'ఎ లాంగ్ పెటల్ ఆఫ్ ద సీ'లో స్పెయిన్ శరణార్థులు రెండువేల మందికి పైగా నెరూడా ఏర్పాటు చేసిన విన్నిపెగ్ ఓడలో 1939లో చిలీ చేరతారు. మంచి నవలే. కానీ అందులో చరిత్ర కొంచెం నా పాఠంలాగే వినిపిస్తుంది. ఆత్మలు లేని లోటు తెలుస్తుంది.

ఆమె మరో పుస్తకం 'పౌలా' గురించి ఎక్కువ రాయలేను. 1991 చివర్లో కూతురు జబ్బుపడి స్పృహ కోల్పోతే ఆసుపత్రిలో పక్కన కూర్చుని ఆమెకు మొదలుపెట్టిన ఉత్తరం అది. 1992 డిసెంబర్ 6న కూతురు పోయింది. తాత ఉత్తరంలాగే ఈ ఉత్తరమూ చేరలేదు.

ఇక 1996. నవంబర్ 6 రాత్రి తుఫాను వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు. మామ్మ, నేను, మా తమ్ముడు మంచం కింద దూరాం. పెంకులు ఒకటొకటిగా కాదు, వరస వరసలుగా లేచిపోయిన చప్పుడు నాకు ఇంకా వినిపిస్తుంది. తెల్లవారి బయటికొస్తే పక్క ఊరి గుడి గోపురం కనిపించింది. మా వాకిట్లో నుంచి అది కనిపించడం అదే మొదటిసారి. మధ్యలో ఉండే తోటలన్నీ పడిపోయాయి. మామ్మ ఏడవలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని చెట్టు చెట్టు దగ్గరికీ వెళ్ళి లెక్కపెట్టింది.

పుస్తకంలో ఆ పద్దు ఇంతే: "పడినవి 124. నిలిచినవి 19." ఆయన వచ్చారని లేదు. తరవాతి పేజీల్లోనూ లేదు. కూలిన మొద్దులు అమ్మిన డబ్బు, పెంకుల ఖర్చు, అప్పు, వడ్డీ. ఏడాదిన్నర పైగా ఆ పుస్తకంలో చనిపోయిన మనిషి ఒక్కసారి కూడా అరుగు మీద కూర్చోలేదు.

ఈ పేజీలు చదివిన రాత్రే అయెందే నవల మళ్ళీ తీశాను. ఆల్బా చెరలో ఉన్న పుటలు నెమ్మదిగా చదివాను. అక్కడ అద్భుతం లేకపోవడమే ఆమె చెప్పిన నిజమని ఈసారి తెలిసింది. ఒక్కసారి మాత్రం, ఆల్బా ఇక చచ్చిపోవాలనుకున్నప్పుడు, ఎప్పుడో పోయిన క్లారా ఆ ఇరుకు కొట్లోకి వస్తుంది. తలుపు తెరవదు, ఎవరినీ శిక్షించదు. చావడం గొప్ప కాదు, బతకమంటుంది. కాగితం లేకపోయినా మనసులో రాసుకోమంటుంది. చివరికి ఆల్బా క్లారా నోటు పుస్తకాలూ, ఉత్తరాలూ, వాళ్ళ పొలం లెక్కల పుస్తకాలూ ముందేసుకుని ఈ కథ రాస్తుంది. మొదటిసారి చదివినప్పుడు ఆ లెక్కల పుస్తకాల మాట నా కంటికి ఆనలేదు.

మామ్మ పుస్తకంలో 1998 ఆషాఢం పద్దు ఇది: "కొత్త మొక్కలు 60 నాటించాను. గోతులకు కూలి ఇచ్చాను. కాపుకు ఆరేళ్ళు పడుతుంది. సాయంత్రం ఆయన వచ్చి గట్టు మీద కూర్చున్నారు. ఏమీ అనలేదు."