అప్పులపాలైన జడ్జిగారు, మా అమ్మాయి ఛార్టు

మేముండేది ఫిలడెల్ఫియాకి దగ్గర. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి స్కూలు ప్రాజెక్టుగా జేమ్స్ విల్సన్ వచ్చాడు. 1789లో అధ్యక్షుడు వాషింగ్టన్ నియమించిన అమెరికా తొలి సుప్రీంకోర్టు జడ్జీల్లో ఒకడు. స్కాట్లాండ్‌లో పుట్టి, ఇరవైల్లో ఇక్కడికి వలస వచ్చాడు. స్వాతంత్ర్య ప్రకటన, రాజ్యాంగం రెండింటి మీదా సంతకం పెట్టిన ఆరుగురిలో ఉన్నాడు. అధ్యక్షుణ్ణి నేరుగా ప్రజలే ఎన్నుకోవాలని 1787లోనే వాదించాడు. వలస వచ్చినవాడు ఇంత ఎత్తుకి ఎదిగాడంటే మనకింకేం కావాలి! ఛార్టు దీంతోనే నిండిపోతుందనుకున్నాను.

మా అమ్మాయి మాత్రం ఆయన జీవితంలో రెండో సగం పట్టుకుంది. ఈయన అప్పులు తెచ్చి మరీ భూములు కొన్నాడు. 1796-97 మాంద్యంలో మునిగిపోయాడు. (హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాట్లు కొన్నవాళ్లకి ఈ కథ వేరే చెప్పక్కర్లేదు.) సుప్రీంకోర్టు జడ్జిగా ఉంటూనే అప్పు కింద న్యూజెర్సీలోని బర్లింగ్టన్‌లో జైలుకెళ్లాడు. కొడుకు బర్డ్ డబ్బు కట్టి విడిపించాడు. తర్వాత నార్త్ కరోలినా వెళ్తే అక్కడా జైలే. 1798 ఆగస్టులో ఈడెంటన్‌లో, పదవిలో ఉండగానే పోయాడు.

"ఇవన్నీ ఎందుకే, మంచివి రాయి" అన్నాను. మా ఇంట్లో పోయినవాళ్ల అప్పుల ఊసు పిల్లల ముందు ఎత్తేవారు కాదు. తాతగారి పొలం ఎలా పోయిందో నాకు పెళ్లయ్యాకే తెలిసింది.

"జీవితం గురించి రాయమన్నారమ్మా, పొగడమనలేదు" అంది. చట్టసభ సీట్లు పంచడానికి జనాభా లెక్కేసేటప్పుడు బానిసల్ని ఐదింట మూడు వంతుల లెక్కన కలపాలని ప్రతిపాదించిందీ ఈయనేనని ఇంకో గడి గీసింది.

ఆదివారం వీడియో కాల్‌లో ఏలూరు నుంచి మా అమ్మ అంతా విని, "కొడుకు తీర్చాడా? బంగారు తండ్రి!" అంది.

"అప్పు అతనిది కాదుగా అమ్మమ్మా, ఎందుకు కట్టాలి?"

"తండ్రి అప్పు కొడుకు తీర్చకపోతే ఎవరు తీరుస్తారే?"

మా ఆయన ఊరుకోకుండా, 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించాక మన దగ్గర కూడా కొడుకుకి ఆ ధార్మిక బాధ్యత చట్టపరంగా లేదని అందుకున్నారు. "చట్టం మీకు తెలుస్తుంది అల్లుడుగారూ, ఊళ్లో తలెత్తుకు తిరగాల్సింది మేము కదా" అంది అమ్మ.

ఛార్టులో చివరి గడి మా అమ్మాయి బర్డ్‌కే ఇచ్చింది. తర్వాత బర్డ్ కూడా జడ్జి అయి, ఆ పని వదిలేసి చర్చిలో మతగురువయ్యాడు. అమ్మమ్మ మాట కూడా అందులోనే రాసి, కింద "మా ఇంట్లో అందరూ ఒప్పుకోలేదు" అని చేర్చింది.