మాస్టారు రాయించిన ఉత్తరాలు

మన బడి బ్యాచ్ సమావేశానికి వేస్తున్న సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు అడిగారు. "నువ్వు రచయితవి ఎలా అయ్యావో రాయి, మిగతావి మేం చూసుకుంటాం" అన్నారు. అందుకని పులిహోర డబ్బా సంగతీ, రైలు గేటు దగ్గర లెక్కల మాస్టారి సంగతీ వాళ్ళకే వదిలేస్తున్నాను.

ఎనిమిది, తొమ్మిది తరగతులు నాకు పెద్దగా గుర్తులేవు. నాకు బడి అంటే తెలుగు మాస్టారే. శనివారం బడి వదలగానే మనలో కొందరిని సారస్వత నికేతనానికి తీసుకెళ్ళేవారు కదా. 1918లో పుట్టిన గ్రంథాలయం, 1929లో గాంధీగారు శంకుస్థాపన చేసిన భవనం అని మనకి కంఠతా వచ్చు. మీరంతా చందమామల కోసం ఎగబడేవాళ్ళు. మాస్టారు నాకు మాత్రం పాత పత్రికల బైండ్లు ఇప్పించి, "ఉపన్యాసాలు వదిలెయ్, మామూలు మనుషుల కబుర్లు ఎక్కడున్నాయో వెతుకు" అనేవారు.

అక్కడి నుంచి తిరిగొచ్చేటప్పుడు నన్ను మగ్గాల వీధిలోకి తీసుకెళ్ళేవారని మీలో చాలామందికి తెలియదు. చదువు రానివాళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టడం నా పని. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: వాళ్ళ నోట వచ్చిన మాటే రాయాలి, రాశాక చదివి వినిపించాలి.

ఒక అవ్వ ఉండేది. గుంట మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేది. కొడుకు మద్రాసులో పని. వానకి మగ్గానికి ఎక్కించే పడుగు నూలు తడిసిందని, కూలి డబ్బులు ఇంకా రాలేదని, కోడలికి నెల తప్పిందని చెప్పింది. ఇన్‌లాండ్ లెటర్ నిండా రాసి, పైకి చదివాను. విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాయనా, చోటుందా? ఇంకోటి రాయి. నా కంటికి పోగు ఆనట్లేదు. తెగితే వేళ్ళతో తడుముకుని అతుకుతున్నా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు" అంది.

మడత అంచున సన్నగా రాశాను. తన మాటలు మరొకరి గొంతులో విన్నాకే ఆమెకి ఆ సంగతి చెప్పాలనిపించింది. కాగితానికి అంత శక్తి ఉందని నాకు ఆ సాయంత్రం తెలిసింది. నేను రాసిన ప్రతి కథా ఆ శక్తి మీద నమ్మకంతో రాసిందే. మాస్టారు గుమ్మం దగ్గరే నిలబడి అంతా విన్నారు. దారిలో ఏమీ అనలేదు గానీ, సోమవారం క్లాసులో నాకు రెండు వందల పేజీల నోటుబుక్కు ఇచ్చారు. ఎందుకిచ్చారని మీరంతా అడిగారు, ఇదిగో ఇందుకు.

తర్వాత కాలేజీ, బ్యాంకు ఉద్యోగం, బదిలీలు. రాత్రిళ్ళు రాస్తూనే ఉన్నాను. కథలు పుస్తకాలుగా వచ్చాయి. ఒకటి మాస్టారికి అంకితం ఇచ్చాను, ఆయన ఉండగానే. కళ్ళజోడు సవరించుకుని మొదటి కథ మొత్తం నా ముందే చదివారు. ఏ సన్మానమూ నాకు అంత తృప్తినివ్వలేదు.

మన బ్యాచ్‌కి సరిపడా కాపీలు సమావేశానికి తెస్తున్నాను. మగ్గాల వీధివాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఆ అవ్వ మనవడో మనవరాలో ఇప్పుడెక్కడున్నారో కాస్త కనుక్కుని చెప్పండి. వాళ్ళకి కూడా ఒకటి ఇవ్వాలి.